మనస్సును కొలుచు ప్రశ్నలను తెలుగు చేయుట

తరగతిలో ఒకడు పకపక నవ్వినచో కారణము తెలియకయే పదిమంది నవ్వుదురు. సూదిమందు వేయించుకొనుటకు నిలిచిన వరుసలో ముందున్న పిల్ల కెవ్వుమన్నచో వెనుకనున్నవారి గుండెలు దడదడలాడును. ఒకరి భావము ఇతరులకు ఇట్లు అంటుకొనుటను భావసంక్రమణము అనవచ్చును. అది ఎవరికి ఎంతగా అంటునో కొలుచుటకు డోహర్టీ అను పరిశోధకుడు 1997లో ఆంగ్లమున 15 వాక్యముల పరీక్షను ప్రకటించెను. సంతోషము, ప్రేమ, భయము, కోపము, దుఃఖము అందలి విషయములు. ప్రతి వాక్యమునకు ‘ఎన్నడును లేదు’ మొదలు ‘ఎల్లప్పుడును’ వరకు గల నాలుగు జవాబులలో ఒకటి ఎన్నుకొనవలెను.

దీనిని తెలుగు చేయుట నిఘంటువుతో ఒక పూటలో ముగియు పని యని తోచవచ్చును. కాని అందొక వాక్యము దంతవైద్యుని యింట వేచియుండు గదిలో బెదరిన బిడ్డ కేకలను గూర్చినది. ఆ గదిని చూడని పల్లెపిల్లవాడు ‘ఎన్నడును లేదు’ అని గుర్తు పెట్టినచో, వాడు భయమెరుగని ధీరుడని లెక్క తేలును! అచ్చట సూదిమందు వరుసను చెప్పినచో వానికి తెలిసిన భయమగును.

మాటల చిక్కు ఇంకను సూక్ష్మమైనది. కలవరమునకు ‘ఆందోళన’ అని వ్రాసితిమనుకొనుడు. కన్నడసీమలో పెరిగిన మన పిల్లలకు ఊరేగింపులు, నినాదములు తలపునకు రావచ్చును. కన్నడమున ఆ మాటకు ఉద్యమమని అర్థము. ‘అవసరము’ సంగతియు నంతే. నేను పొరుగు రాష్ట్రమున శిక్షణ పొంది వచ్చిన క్రొత్తలో ‘ఇది వ్రాయనవసరము లేదు’ అంటిని. తొందర లేదు కాబోలునని కొందరు మరునాడు వ్రాసి తెచ్చిరి!

కనుక అనువాదమును, మూలము చూడని మరియొకరిచే తిరిగి ఆంగ్లమునకు మార్పించి, రెండింటిని పోల్తురు. 1970లో బ్రిస్లిన్ ఈ పద్ధతిని వివరించెను. అయినను, పండితులిద్దరికి తెలిసిన మాట ఎనిమిదవ తరగతి పిల్లకు తెలియకపోవచ్చును. కొందరు పిల్లలను పిలిచి, ‘దీనికి నీవేమి అర్థము చేసికొంటివి?’ అని అడుగవలెను. నా మట్టుకు ఇదియే ముఖ్యమైన మెట్టు.

పిమ్మట లెక్కలు. కొన్ని వారములకు మరల పరీక్షించినను ఇంచుమించు అవే మార్కులు వచ్చుట విశ్వసనీయత. కొలువదలచినదానినే కొలుచుట సప్రమాణత. మొదటిది ఉన్నంతమాత్రమున రెండవది ఉండదు. ఆందోళనను ఊరేగింపని తలచిన పిల్ల రెండుసార్లును అట్లే తలచును గదా! అందుచే మార్కులను పిల్లల నడవడితో పోల్చి చూతురు.

తల్లిదండ్రులకొక మనవి. మీ బిడ్డ స్వభావమును గూర్చి ఇట్టి ఫలితమేదైనను ఇంటికి వచ్చినచో, ఆ ప్రశ్నలను ఏ ప్రాంతపు పిల్లలపై పరీక్షించి చూచిరో, మార్కులను ఎవరి సగటుతో పోల్చిరో ముందుగా అడుగుడు.