ఇంకుడు గుంత ఎవరిది?

మా అపార్ట్‌మెంట్ వెనక జనరేటర్ పక్కన ఒక ఇంకుడు గుంత ఉంది. మొన్నటి దాకా అది పూలకుండీలు పెట్టుకునే అరుగనుకున్నా. జూలైలో వాన నీళ్ళు సెల్లార్‌లోకి వచ్చి, వాచ్‌మెన్ వాళ్ళ గదిలో బియ్యం బస్తా తడిసిపోయాక దాని మూత తీశాం. లోపల పైదాకా బురదే.

మీటింగ్‌లో ఒక అంకుల్ "ట్యాక్స్ కడుతున్నాం కదా, మున్సిపాలిటీ వాళ్ళే చూడాలి" అన్నారు. ఆఫీసుకి వెళ్తే "గేటు లోపలిది మాకు సంబంధం లేదు" అన్నారు. రెండింట్లోనూ కొంత నిజముంది, అదే ఇబ్బంది.

లెక్క చూద్దాం. చదరపు మీటరు మీద 1 మిల్లీమీటరు వాన పడితే 1 లీటరు. మా డాబా సుమారు 400 చదరపు మీటర్లు, అంటే 50 మిల్లీమీటర్ల వానకి 20,000 లీటర్లు. గుంత పొడవు, వెడల్పు, లోతు రెండేసి మీటర్లు. ఖాళీగా ఉంటే 8,000 లీటర్లు పడతాయి. కానీ అందులో కంకర, ఇసుక ఉంటాయి. మిగిలే చోటు మూడో వంతు అనుకుంటే 2,700 లీటర్లు కూడా పట్టవు. నేల పీల్చుకునేకొద్దీ మళ్ళీ చోటు దొరుకుతుంది, నిజమే. పై ఇసుక పొర బురదతో మూసుకుపోతే అదీ ఆగిపోతుంది.

అంటే గుంత ఎంత శుభ్రంగా ఉన్నా చాలా నీళ్ళు రోడ్డు మీదికి, అక్కణ్ణుంచి నాలాలోకి పోతాయి. నాలా ఏ అసోసియేషనూ బాగుచేయలేదు, అది ప్రభుత్వం పనే. గుంత మాత్రం మనదే. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం ఇంకుడు గుంత కట్టించాల్సింది స్థల యజమాని. కట్టకపోతే అధికారులే కట్టించి ఖర్చు వసూలు చేయొచ్చు. కట్టాక ఏటా పూడిక తీశారా లేదా అని చూసేవాళ్ళు మాత్రం మా దగ్గరికి ఎప్పుడూ రాలేదు. అమెరికాలో చాలా కాలనీల్లో వాన నీటి చెరువుని ఇళ్ళ యజమానుల సంఘమే చూసుకుంటుంది, తనిఖీ మాత్రం స్థానిక ప్రభుత్వానిది. నాకు ఈ పద్ధతే నచ్చింది. ఎందుకంటే మేం గుంత వదిలేస్తే ముందు మునిగేది మూడో అంతస్తు కాదు, సెల్లార్ గది, తర్వాత పల్లంలో నాలా పక్కనున్న బస్తీ. వాళ్ళెవరికీ మా మీటింగ్‌లో ఓటు లేదు.

చివరికి ఫ్లాట్‌కి 300 రూపాయలు వేసుకుని పై ఇసుక మార్పించాం. ఆ అంకుల్ కూడా ఇచ్చారు, గొణుక్కుంటూనే. వీధి కాలువ పూడిక గురించి అర్జీ పెట్టాం, ఇంకా ఎవరూ రాలేదు.