ఎక్కడ ఆగాలో బయల్దేరేముందే తేల్చుకోండి

ఆయుధపూజ నాడు హోసూరులో ఏ లారీకీ మర్యాద తగ్గదు. పసుపు, కుంకుమ, చామంతి దండ, చక్రాల కింద నిమ్మకాయలు. మంచిదే. అదే వారంలో చలికాలం పనులూ కానిచ్చేయండి. వైపర్ రబ్బర్లు మార్చాలి, బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రం చేయాలి, వెనక ఎర్ర రెఫ్లెక్టర్ టేపు చినిగితే కొత్తది అంటించాలి. టైర్లు చల్లగా ఉన్నప్పుడే గాలి చూడాలి. ఎయిర్ ట్యాంకు కింద వాల్వు తెరిచి నీళ్లు వదలడం మాత్రం రోజూ చేయాల్సిన పని. చలికి ట్యాంకులో తేమ నీరవుతుంది. అది బ్రేకు లైన్లలోకి పోతే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు.

బండి పని ఒక పూటలో అయిపోతుంది. డ్రైవరు సిద్ధపడటమే అసలు సంగతి.

హోసూరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద కృష్ణగిరికి యాభై కిలోమీటర్లు, ఆ దూరంలోనే దాదాపు 400 మీటర్లు దిగుతాం. డిసెంబరు, జనవరి తెల్లారుజామున ఒకచోట రోడ్డు తేటగా ఉంటుంది, చెరువు పక్కకు రాగానే మంచుకు ఎదుట ఏమీ కనిపించదు. పైగా రాగి పంట సమయంలో బన్నేరుఘట్ట వైపు నుంచి వచ్చే ఏనుగులు పేరండపల్లి, సానమావు అడవుల దగ్గర ఈ రోడ్డే దాటుతాయి. మంచులో ఏనుగు రంగు ఏమిటో ఆలోచించండి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కంటికి 40 మీటర్లే ఆనుతుంటే మీ చేతిలో ఉన్నది రెండున్నర సెకన్లు కూడా కాదు. లోడు బండి అంతలో ఆగదు. హై బీమ్ వేస్తే వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోకే కొడుతుంది, లో బీమే మేలు. నడిచే బండికి నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేస్తే మీరు ఆగారో, పోతున్నారో, ఎటు తిరుగుతారో వెనకవాడికి అర్థం కాదు.

ఇవన్నీ తెలిసినవాళ్లే ఎందుకు ఆగరు? తెల్లారి నాలుగింటికి మనసు బేరమాడుతుంది. నిద్ర, చలి, చెన్నైలో దించాల్సిన సరుకు, ఓనరు ఫోను, అన్నీ ఒకేసారి లాగుతాయి. ‘ఇంకో పది కిలోమీటర్లే కదా’ అనిపిస్తుంది. ఆ వేళ తీసుకునే నిర్ణయాన్ని నమ్మొద్దు. సిప్‌కాట్ పారిశ్రామికవాడలో లోడు ఎక్కుతుండగానే తేల్చుకోండి: ముందు బండి ఎర్ర లైటు మసకబారితే వేగం సగానికి, అసలు కనబడకపోతే ఫలానా బంకులోకి. బంకులోకే సుమా, రోడ్డు అంచున కాదు. లైట్లు లేకుండా పక్కన నిలిపిన బండి మంచులో మరో బండికి గండం.

తర్వాతిది నోటి పని. ‘మంచుంటే ఆగుతానన్నా’ అని ఓనరుకు బయల్దేరేముందే చెప్పండి. ఆగాక ఆయన అడిగేదాకా ఉండకుండా మీరే ఫోను చేయండి: ‘అన్నా, శూలగిరి దగ్గర ముందేమీ కనబడ్డంలేదు. బంకులో ఆపినా. ఏడున్నరకు కదులుతా.’ కారణం, చోటు, కొత్త టైము. అంతే. సంజాయిషీలు, బతిమాలడాలు వద్దు. కసురుకునేవాళ్లు కసురుకుంటారు, పోనీండి. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటల పని, అయిదు గంటలకొకసారి అరగంట విరామం అనేది. బాడుగ లెక్క వేసేటప్పుడు ఆ హద్దు ఎవరికీ గుర్తురాదు, మీకైనా గుర్తుండాలి.

ఆగిన చోట అద్దాలు మూసి క్యాబిన్‌లో స్టవ్వో, బొగ్గుల కుంపటో వెలిగించి పడుకోకండి, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు.

ఇక భోగి. తెల్లారుజామున ఊరూరా మంటలు, పొగ మంచులో కలిసి రోడ్డు మీదే కూర్చుంటుంది. ఆరోజు బండి కదలాల్సి ఉంటే, లోడు ముందురోజు మధ్యాహ్నానికే ఎత్తించమని వారం ముందే అడగండి.