దిండి రేవులో పని నేర్చుకుంటున్న అల్లుడికి

రాజోలు

చిరంజీవి అల్లుడికి,

దిండిలో షికారు బోటు మీద పనికి కుదిరావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. బోటు నడపడం సరంగు దగ్గర ఎటూ నేర్చుకుంటావు. ఇంజన్ మొరాయించినప్పుడు ఏం చేయాలో నేను రాస్తున్నాను. ఈ ఉత్తరం దాచుకుని మళ్లీ మళ్లీ చదువుకో.

ఇంజన్ స్టార్ట్ కాకపోతే కుర్రాళ్లు తాడు పట్టుకుని లాగుతూనే ఉంటారు. నువ్వలా చేయకు. రేవు వదిలాక ఇంజన్ ఆగితే ముందు లంగరు వెయ్యి. దిండి దగ్గర వశిష్ఠకు సముద్రపు పోటుపాట్లు తగులుతాయి. పాటు వేళ నీరు అంతర్వేది వైపు లాగేస్తుంది. చించినాడ వంతెన స్తంభాలు కళ్లెదుటే ఉన్నాయి. 2018 జూలై 14న ఐ.పోలవరం మండలం పశువుల్లంక దగ్గర నాటు పడవ ఒకటి, కడుతున్న వంతెన స్తంభానికి తగిలి బోల్తా పడింది. బడి నుంచి ఇంటికెళ్తున్న పిల్లలు గల్లంతయ్యారు. ఏటిలో పడవ మన చెయ్యి దాటితే ఎంత ఘోరం జరుగుతుందో కోనసీమ వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. లంగరు పట్టిందా, అందరి ఒంటి మీదా లైఫ్ జాకెట్లు ఉన్నాయా చూసుకున్నాకే ఇంజన్ దగ్గరికి వెళ్లు.

అక్కడ కూడా వరస తప్పకు. ముందు ఏ పనిముట్టూ అక్కర్లేని వాటిని చూడు. సరంగు చేతికో నడుముకో తగిలించుకునే ఎర్ర తాడు క్లిప్పు దాని స్విచ్చులో సరిగా కూర్చుందా? అది ఊడితే ప్లగ్గుకు కరెంటు అందదు, ఎంత లాగినా లాభం లేదు. గేరు న్యూట్రల్‌లో ఉందా? గేరులో ఉంటే చాలా ఇంజన్లు స్టార్ట్ కావు. తాళంతో స్టార్టయ్యే ఇంజనైతే చెవి పెట్టి విను. టక్కుమని ఆగిపోతోందంటే బ్యాటరీ దిగిపోయిందన్నమాట, లేదా దాని టెర్మినల్స్‌కు చిలుం పట్టి ఉంటుంది. ఉప్పుగాలికి ఆ చిలుం త్వరగా పడుతుంది. బిగింపు వదులైనా అంతే. నిండా చార్జయిన బ్యాటరీ 12.6 వోల్టులు చూపాలి.

తర్వాత పెట్రోలు. ట్యాంకు మూత మీద గాలి ఆడే చిన్న మర ఉంటుంది. దాన్ని తిప్పి తెరవడం మరిచిపోతే ఇంజన్ స్టార్టయి, కొంత దూరం వెళ్లి ఆగిపోతుంది. లోపలికి గాలి రాకపోతే పెట్రోలు బయటికి రాదు కదా! అక్కడి నుంచి గొట్టం వెంట రా. మధ్యలో రబ్బరు బుడ్డ ఉంటుంది. దాని మీది బాణం గుర్తు ఇంజన్ వైపే ఉండాలి. పిసుకుతూ ఉంటే కాసేపటికి అది గట్టిపడాలి. ఎంత పిసికినా మెత్తగానే ఉందంటే ట్యాంకు ఖాళీ అయి ఉండాలి, లేదా గొట్టం జాయింటు దగ్గర గాలి లాగుతూ ఉండాలి.

పెట్రోలు అందుతున్నా ఇంజన్ పలకకపోతే కాస్త పెట్రోలు గాజు సీసాలోకి పట్టి చూడు. నీళ్లు కలిసి ఉంటే అడుగున వేరే పొరగా కనిపిస్తాయి. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో ఇథనాల్ 20 శాతం దాకా ఉంటోంది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది. అందుకని వారాల తరబడి నిలవ ఉన్న పెట్రోలు పొయ్యకు. టూ స్ట్రోక్ ఇంజనైతే ఆయిలు సరైన పాళ్లలో కలపాలి. చాలావాటికి లీటరుకు 20 మిల్లీలీటర్లు. నీ ఇంజన్ పుస్తకంలో ఏముందో అదే పాటించు.

ఆ తర్వాత ప్లగ్గు. ఊడదీసి వెలుగులో పట్టుకో. తడిగా ఉండి పెట్రోలు వాసన కొడుతుంటే పెట్రోలు ఎక్కువైంది. ఎర్ర తాడు క్లిప్పు తీసేసి, చోకు ఆఫ్ చేసి, నాలుగుసార్లు స్టార్టు తాడు లాగితే లోపల నిలిచిన పెట్రోలు బయటికొస్తుంది. లాగే ముందు వెనక ఎవరూ లేకుండా చూసుకో. ప్లగ్గు తుడిచి బిగించి, క్లిప్పు తిరిగి పెట్టి అప్పుడు ప్రయత్నించు. ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు అందడం లేదని అర్థం, మళ్లీ గొట్టం దగ్గరికే వెళ్లు. నల్లటి మసి గట్టిగా పట్టి ఉంటే కొత్త ప్లగ్గు వెయ్యి. పెట్టెలో ఎప్పుడూ ఒక కొత్త ప్లగ్గు ఉంచుకో. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. కాబట్టి జనం ఉన్నప్పుడు నిప్పురవ్వ వస్తోందో లేదో పరీక్షించవద్దు. బీడీ, సిగరెట్టు ఎవరినీ ముట్టించనివ్వకు.

ఒకసారి ఒకటే మార్చు. చోకూ, ప్లగ్గూ, పెట్రోలూ అన్నీ ఒకేసారి మారిస్తే ఇంజన్ స్టార్టయినా జబ్బేమిటో నీకు తెలియదు, రేపు మళ్లీ అదే తిప్పలు.

స్టార్టయిందని వెంటనే గేరు వెయ్యకు. ఇంజన్ పక్క నుంచి నీళ్ల ధార పడుతోందా చూడు. పడకపోతే ఆపెయ్యి. గుర్రపుడెక్కో, బురదో నీళ్లు లాగే చోట అడ్డుపడి ఉంటుంది. ఫ్యానుకు వల పీలికలు చుట్టుకున్నాయా చూడాలన్నా ముందు ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకో. ఉప్పునీటిలో తిరిగొచ్చిన రోజు సాయంత్రం మంచినీళ్లతో ఇంజన్‌లో నీళ్లు పారే దారంతా కడుగు. సగం జబ్బులు అక్కడే ఆగిపోతాయి.

చివరగా ఒక్క మాట. ప్రయాణికులు చూస్తున్నారని సిగ్గుపడి ఇంజన్‌తో కుస్తీ పట్టకు. పైన చెప్పిన వరస పూర్తయినా స్టార్ట్ కాకపోతే రేవుకు ఫోన్ చేసి ఇంకో బోటును రప్పించు. ఎక్కినవాళ్లందరినీ క్షేమంగా ఒడ్డుకు చేర్చినవాడే మంచి సరంగు. ఆ పేరే తెచ్చుకో.

నీ మావయ్య