మూలనుండు పిల్ల నాయకురాలగునా?

ప్రశ్న: మాది బరంపురము. మా చెవిటి అమ్మాయి తొమ్మిదవ తరగతి ముగించినది. బంధువులు కూడినను మూలనే యుండును. వేసవి నాయకత్వ శిబిరమునకు పంపుట వృథాయా? – ఒక తండ్రి

జవాబు: ఇంట తెలుగును, బడిలో ఒడియాను పెదవుల కదలికనుండియే యూహింపవలసిన బాలికకు మౌనము స్వభావము గాక నిర్బంధమైన అలవాటై యుండవచ్చును గనుక, సంజ్ఞాభాషయే ఉదయము మొదలు రాత్రివఱకు వ్యవహారభాషగా నుండెడు చోటికి పంపుటకు సందేహింపకుడు. అమెరికాలో బధిరుల జాతీయ సంఘము 1969లో నారంభించిన యువనాయకత్వ శిబిరము ఇట్టిదే.

నిర్వాహకులలో బధిరులైన పెద్దలెందఱో మొదట విచారింపుడు; వినువారే ఆజ్ఞాపించుచుండ పిల్లలకు నాయకత్వమెట్లలవడును? సభ నడుపుట, పద్దు వ్రాయుట, తగవు తీర్చుట వారి చేతనే జరుగవలెను. గోపాలపురపు ఒడ్డునకు తీసికొనిపోవుదురేని – అచటి కెరటములు గజయీతగాండ్రనైన లెక్కసేయవు – ఈల వినబడనివారిని పిలుచుటకు రంగు జెండాలు, చీకటిలో టార్చిలైట్లు కలవాయని మొగమాటము లేక అడుగుడు.

తిరిగివచ్చిన పిమ్మట ఇంటివారికి పది సంజ్ఞలైన రానిచో ఆమె యెవరితో మాటలాడును? 2015లో ఢిల్లీలో నెలకొన్న భారతీయ సంజ్ఞాభాషా పరిశోధన శిక్షణ కేంద్రమువారి నిఘంటువు అంతర్జాలమున లభించును. ఈమాఱు బంధువులు వచ్చినపుడు దానిని తెఱచి, అమ్మాయినే గురుస్థానమున కూర్చుండబెట్టుడు.