సంబరం వాయిదా వేయకు

వజ్రపుకొత్తూరు మండలం,
కార్తీక మాసం

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీర్వదించి రాయునది.

నీ పీఎస్‌ఏ (ప్రొస్టేట్ క్యాన్సర్ రక్తపరీక్ష అంకె) ఒకటి లోపుకి దిగిందన్న సంగతి నువ్వు చెప్పలేదు. మీ పెద్దమ్మాయి ఫోన్‌లో మీ అత్తకి చెప్పింది. ఆ కాగితం మడిచి బీరువాలో పెట్టేశావట. మనవరాలి మొదటి పుట్టినరోజు కూడా ఇప్పుడొద్దు, నాకు పూర్తిగా నయమయ్యాక చూద్దాం అన్నావట. ఏటిరా ఇది? ఫోన్ చేస్తే "సరేలే మావయ్యా" అని పెట్టేస్తావు. ఉత్తరాన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవు కదా.

ముందు ఆ "పూర్తిగా నయమయ్యాక" సంగతి చూద్దాం. నీ జబ్బు ప్రొస్టేట్ దాటి ఎముకల్లోకి వెళ్లిందని స్కాన్‌లో తేలింది. ఈ దశలో డాక్టర్లు మాట్లాడేది దాన్ని అదుపులో ఉంచడం గురించే. అలా అదుపులో పెట్టుకుని ఏళ్ల తరబడి తిరుగుతున్నవాళ్లు ఉన్నారు. నువ్వు చెప్పిన ముహూర్తం కోసం కూర్చుంటే ఆ పిల్లకి పెళ్లీడు వచ్చేస్తుంది. పేపర్లో "క్యాన్సర్‌ను జయించిన ఫలానా" అని ఫొటో చూసినప్పుడల్లా నాకు కొంచెం చిరాకేస్తుంది. జయించనివాళ్లంతా ఓడిపోయినట్టా?

నీకు వచ్చిన మొదటి గెలుపుని నువ్వసలు గుర్తే పట్టలేదు. మన ఉద్దానంలో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ అంటే తెలియని ముసలమ్మ లేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, ఏ ఊళ్లో అరుగు మీద కూర్చున్నా ఎవరికి ఎంతుందో చెప్పేస్తారు. ఇక్కడి కిడ్నీ జబ్బుకి కారణం ఇదీ అని ఇన్నేళ్లయినా తేలలేదు కానీ, ఆ అంకె ఎక్కడమే గాని దిగడం మనవాళ్లు పెద్దగా ఎరగరు. నీకు మూత్రం బిగుసుకుపోయి క్రియాటినిన్ పెరిగినప్పుడు మీ అమ్మ "ఆ మాయదారి జబ్బే" అని గుండెలు బాదుకుంది. 2023 డిసెంబరులో పలాసలో తెరిచిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రిలో ఇక నీకో మంచం ఖాయమని నువ్వూ అనుకున్నావు. తీరా స్కానింగ్ తీస్తే, కింద ప్రొస్టేట్ అడ్డుపడి మూత్రం దిగక కిడ్నీలు ఉబ్బి ఉన్నాయి. గొట్టం వేశారు, అంకె దిగింది. మన ప్రాంతంలో క్రియాటినిన్ దిగిన మనిషివి నువ్వు! ఊరంతా కొబ్బరికాయలు కొట్టాల్సిన రోజున, ఆ మూత్రం సంచి ఎవరికీ కనబడకుండా లుంగీలో ఎలా దాచాలా అని కూర్చున్నావు. ఆ సంగతి నలుగురికీ చెప్పు. మూత్రం సరిగా రాని మగాళ్లు చాలామంది ఆ కిడ్నీ జబ్బే అనుకుని ఇంట్లో కూలబడిపోతారు. నీ మాట విని ఒక్కడు స్కానింగ్‌కి వెళ్లినా చాలు.

ఇక ఆ పీఎస్‌ఏ సంగతి. దిగితే సంతోషించు, నేనూ సంతోషిస్తాను. కానీ సంబరాలన్నీ దానికే కట్టేయకు. నాకూ ఇదే జబ్బు కదా, నా అంకె ఒకసారి అడుక్కి దిగి, కొన్నాళ్లకి మళ్లీ మెల్లగా పైకి పాకింది. డాక్టరు మందు మార్చాడు. అంతకుముందు చేసుకున్న పండగలేవీ తిరిగి ఇచ్చెయ్యమని ఎవరూ అడగలేదు. అంకె రక్తం చెప్పే మాట, నీ చేతిలో లేదు. నువ్వు చేసిన పనులు నీవి. వాటికి పండగ చెయ్యి.

ఏటి ఆ పనులంటావా? విశాఖలో అగనంపూడి దగ్గర హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వెళ్లాలంటే నేను బస్సు ఎక్కను, రైలే. మూత్రం ఆపుకోలేను కదా, రైల్లో అయితే బాత్రూము ఉంటుంది. పలాసలో ఎక్కినప్పుడు తలుపు పక్క సీటు కోసం చూసేవాణ్ణి. ఒకరోజు కిటికీ పక్కన కూర్చుని, శ్రీకాకుళం రోడ్ దాటేదాకా లేవకుండా వెళ్లాను. పక్కనున్న మీ అత్తకి చెబితే ఆవిడ బుట్టలోంచి జీడిపప్పు పాకం ముక్క తీసి నా నోట్లో పెట్టింది. ఆ కంపార్ట్‌మెంట్‌లో అదేం పండగో ఇంకెవరికీ తెలీదు.

రేడియేషన్ రోజులు ఇంకో తమాషా. ఆపుకోలేకపోవడమే మన బాధ. అక్కడేమో కడుపు నిండా నీళ్లు తాగించి, మూత్రసంచి నిండేదాకా ఆపుకుని, ఆ బల్ల మీద కదలకుండా పడుకోమంటారు. సంచి నిండి ఉంటే పేగులు పక్కకి జరిగి, కిరణాల దెబ్బ తగ్గుతుందట. విజయనగరం ఆయనొకడు, పార్వతీపురం ఆయనొకడు, నేనూ, ముగ్గురం బెంచీ మీద కాళ్లు ముడుచుకుని ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకునేవాళ్లం. నవ్వితే ఇంకా ప్రమాదం! చివరి విడత అయిన రోజున మాడుగుల హల్వా కొని మెషీను దగ్గర పనిచేసే పిల్లలకి పంచాను. వాళ్లు ముక్క నోట్లో వేసుకుని "తాతగారూ, మళ్లీ రాకండి" అన్నారు. అంతకంటే మంచి దీవెన నేను వినలేదు.

2018 తిత్లీ తుపానుకి మన తోటలో నిలువు చెట్టన్నది మిగల్లేదు, నీకు తెలుసు. ఆ మరుసటి వానల్లో కొబ్బరి మొక్కలు పెడుతుంటే, "ఎవరు తింటారని పెడుతున్నావు" అని ఒక పెద్దమనిషి నా మొహం మీదే అడిగాడు. ఒక చెట్టుకి మొదటి గెల దిగింది. బొండాలు చిన్నవే. దింపించి, ఆ పెద్దమనిషి ఇంటికి ఒకటి పంపాను. పుల్లవిరుపే అనుకో, అదీ ఓ సంబరమే.

నీకు వేస్తున్న హార్మోను ఇంజెక్షన్ల గురించి ఒకటి చెప్పాలి, మొగమాటపడకుండా చదువు. ఒంట్లోంచి ఆవిర్లు రావడం, కండ తగ్గడం, నీరసం, కోరిక లేకపోవడం, ఇవన్నీ మందు చేసే పని. నీ మగతనంలో లోటేమీ కాదు. మగ హార్మోనుని తగ్గిస్తే ఈ క్యాన్సర్ అణుగుతుందని 1941లోనే షికాగోలో చార్లెస్ హగ్గిన్స్ అనే డాక్టరు చూపించాడు, 1966లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. ఇవాళ నీకు పడుతున్న సూది ఆ దారిలో వచ్చిందే. ఈ మాట మీ ఆవిడతో నువ్వే చెప్పు. నీ ముభావాన్ని చూసి ఆ అమ్మాయి తనమీదే కోపమనుకుంటోందని మీ అత్త అంది. ఆమెతో ఆ నాలుగు మాటలు మాట్లాడిన రోజున నాకు ఫోన్ చెయ్యి, స్వీట్లు నేను పంపుతాను.

రోజూ నడువు. ఈ మందుతో ఎముకలు పల్చబడతాయి, కాల్షియం సంగతి డాక్టర్ని అడుగు. గ్రానైట్ పలకలు ఎత్తే పని మాత్రం ఇక వద్దు, మీ ఓనరుతో మాట్లాడి పర్యవేక్షణ పనిలోకి మారు. అంకె తగ్గింది కదా అని సూది మానేసినవాళ్లని ఇద్దర్ని చూశాను, ఆ పని చెయ్యకు. నడుం నొప్పికి మెడికల్ షాపువాడిచ్చిన బిళ్లలు మింగకు, వాటిలో చాలావాటికి కిడ్నీలు దెబ్బతింటాయి.

పుట్టినరోజుకి అప్పు చెయ్యమనడం లేదు. షామియానా, డీజే ఎవడడిగాడు? తేలినీలాపురంలో పెలికాన్ పక్షులు దిగాయట. టెక్కలికి పక్కనే కదా, ఉదయం అందరం పిల్లని ఎత్తుకుని అక్కడికి వెళదాం. చింతపండు పులిహోర మీ అత్త చేసి తెస్తుంది. నీకు బాత్రూము ఎక్కడుందో ముందే కనుక్కుని ఉంచుతాను, ఆ బెంగ పెట్టుకోకు. సంచిలో ఒక పంచె ఎక్కువ పెట్టుకో, నేనూ పెట్టుకుంటాను.

అటువైపు రవివలస ఎండల మల్లికార్జునస్వామి గుడి దగ్గర కార్తీక సోమవారం రద్దీ, కాబట్టి సోమవారం వద్దు, ఆదివారం పెట్టు. ఎన్ని గంటలకి బయలుదేరతారో మీ పెద్దమ్మాయి చేత ఫోన్ చేయించు. ఆ బీరువాలో కాగితం కూడా తే, చూస్తాను.

ఇట్లు,
మీ మావయ్య