బొహోల్: చాక్లెట్ కొండల ద్వీపం

ఫిలిప్పీన్స్‌లోని మధ్య విసాయాస్ ప్రాంతంలో ఉన్న ద్వీప ప్రావిన్స్ బొహోల్. రాజధాని టగ్బిలరన్. పరీక్షార్థులు ముందుగా గుర్తుపెట్టుకోవాల్సిన ఏడాది 2023: ఆ దేశపు తొలి యునెస్కో గ్లోబల్ జియోపార్క్‌గా బొహోల్‌కు గుర్తింపు దక్కింది.

అక్కడి ప్రధాన ఆకర్షణ చాక్లెట్ హిల్స్. 1,200కు పైగా ఉన్న ఈ సున్నపురాయి గుట్టలు బోర్లించిన గిన్నెల్లా కనిపిస్తాయి. సముద్రగర్భంలో పేరుకున్న పగడపు నిక్షేపాలు భూమి కదలికలతో పైకి లేచాయి. వాననీటి కోత వాటిని గుండ్రంగా చెక్కింది. వేసవిలో వాటిపై గడ్డి ఎండి గోధుమరంగుకు మారుతుంది, పేరు అందుకే వచ్చింది. ఇవి అగ్నిపర్వతాలు కావు. ఈ తేడా తప్పక తెలిసి ఉండాలి. 2013 అక్టోబరులో 7.2 తీవ్రతతో వచ్చిన భూకంపం కొన్ని గుట్టలతో పాటు పురాతన చర్చిలనూ దెబ్బతీసింది.

ఇక్కడి అడవుల్లోని టార్సియర్ పిడికిలిలో ఇమిడేంత చిన్న నిశాచర ప్రైమేట్. దాని కళ్లు గుంటల్లో కదలవు, అందుకే తలనే వెనక్కి తిప్పుతుంది. శబ్దాలకూ తాకిడికీ బెదిరిపోయే ఈ ప్రాణిని దూరం నుంచి చూడటమే న్యాయం.

స్థానికుల భాష బొహోలానో, సెబువానోకు మాండలికం. జూలైలో జరిగే సందుగో ఉత్సవం, 1565లో స్థానిక నాయకుడు సికటునా, స్పెయిన్‌కు చెందిన లెగాజ్పి చేసుకున్న రక్త ఒప్పందానికి స్మారకం.