కుక్కపిల్లని తెచ్చుకుందామా? ఇంటిల్లిపాదీ కలిసి వేసుకోవాల్సిన లెక్క



"అమ్మా, మనం కూడా ఒక కుక్కపిల్లని తెచ్చుకుందాం!" ఈ మాట చాలా ఇళ్లలో వినిపించేదే. పుట్టినరోజు ముందో, వేసవి సెలవుల మొదట్లోనో పట్టుదల ఇంకా పెరుగుతుంది. వెంటనే "సరే" అన్నా, "నోరు మూసుకుని చదువుకో" అన్నా పిల్లలు నేర్చుకునేది ఏమీ ఉండదు. ఒక పెద్ద నిర్ణయం ఎలా తీసుకోవాలో వాళ్లకు చూపించడానికి ఇది మంచి అవకాశం. ఒక ఆదివారం అందరూ కూర్చుని, నోటుపుస్తకం ముందు పెట్టుకుని ఈ ప్రశ్నలకు జవాబులు రాయండి.

1. వయసుల లెక్క

కుక్క సాధారణంగా 10 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. మీ అబ్బాయి 5వ తరగతిలో ఉండగా కుక్కపిల్ల వచ్చిందనుకోండి. వాడు 10వ తరగతికి వచ్చేసరికి దానికి 5 ఏళ్లు. ఇంటర్‌లో హాస్టల్‌కు వెళితే 6, 7 ఏళ్లు. బీటెక్ పూర్తయ్యేసరికి 11 దాటుతుంది. అప్పటికి దానికి కీళ్లనొప్పులు, కంటి పొరలు మొదలయ్యే వయసు. అబ్బాయి ఉద్యోగానికి వేరే ఊరు వెళ్లినా కుక్క మీ దగ్గరే ఉంటుంది. అంటే అడిగేది పిల్లలే అయినా, చివరిదాకా పెంచేది మీరే. "మా ఇద్దరికీ కుక్క కావాలా?" అని దంపతులు ముందు ఒకరినొకరు అడగాలి. ఇద్దరిలో ఒకరికి ఇష్టం లేకపోయినా ఆగడమే మంచిది.

2. రోజు లెక్క

స్కూల్ బస్సు ఏడింటికి వస్తే, అంతకు ముందే కుక్కని బయట తిప్పి తీసుకురావాలి. సాయంత్రం ట్యూషన్ ఉన్నా మళ్లీ తిప్పాలి. రెండు మూడు నెలల పిల్లయితే గంటా రెండు గంటలకొకసారి మూత్రానికి తీసుకెళ్లాలి. పగలంతా ఇంటికి తాళం వేసి ఉంటే అది ఒంటరిదై అరుస్తుంది, చెప్పులూ సోఫాలూ కొరుకుతుంది. ఇంట్లో నానమ్మ, తాతయ్య ఉంటే ఆ పని వాళ్ల మీద పడుతుంది. పూజగది, మడి విషయంలో వాళ్ల పట్టింపులు వాళ్లకు ఉంటాయి. కాబట్టి వాళ్లని ముందే అడగండి. సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు దాన్ని ఎవరు చూసుకుంటారో ఆ పేరు కూడా రాయండి.

3. ఖర్చు లెక్క

దత్తత తీసుకున్న కుక్కకు కొనుగోలు ధర ఉండకపోవచ్చు, కానీ పెంపకం ఖర్చు ఉంటుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో టీకాలు మొదలవుతాయి. మూడు నెలలకు రేబిస్ టీకా, ఆపైన బూస్టర్లు, నులిపురుగుల మందు, పిడుదుల మందు, సంతాన నిరోధక ఆపరేషన్, రోజూ తిండి. మీ దగ్గరలోని పశువైద్యుణ్ణి అడిగి ధరలు తెలుసుకుని, ఏడాదికి ఎంతవుతుందో లెక్కకట్టే పని పిల్లలకే అప్పగించండి. దాన్ని 12తో గుణించమనండి. అనుకోకుండా వచ్చే జబ్బు ఖర్చు దీనికి అదనం.

4. ఇల్లు, చట్టం

అద్దె ఇల్లయితే యజమాని అనుమతి ముందే తీసుకోండి. అపార్ట్‌మెంట్ సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు మార్గదర్శకాలు చెబుతున్నాయి. అలాగని పొరుగువారి ఇబ్బందిని పట్టించుకోకపోతే కుదరదు. బయట గొలుసు వదలకూడదు, మలం మనమే తీసి శుభ్రం చేయాలి. మున్సిపాలిటీ లైసెన్సు గురించి కూడా అడిగి తెలుసుకోండి. 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం ప్రకారం, ఆకలిదప్పులతో బాధపడేలా పెంపుడు జంతువును వదిలేయడం నేరం.

5. ఏ కుక్క?

సినిమాలో చూసి హస్కీ కావాలని పిల్లలు అడగవచ్చు. అది సైబీరియా చలికి తగ్గ ఒత్తయిన బొచ్చుతో పుట్టిన జాతి. కుక్కలకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ ఒళ్లు చల్లబరచుకుంటాయి. మన మే నెల ఎండల్లో హస్కీ అవస్థ ఊహించుకోండి. పొట్టి బొచ్చున్న మన ఊరకుక్క ఈ వాతావరణానికి అలవాటుపడినది. హైదరాబాద్‌లోని బ్లూ క్రాస్ వంటి సంస్థల్లో ఇలాంటివి ఇంటి కోసం ఎదురుచూస్తుంటాయి. కాస్త పెరిగిన కుక్కయితే పిల్లలతో ఎలా మెలగుతుందో అక్కడివారు చెప్పగలరు. చిన్నపిల్లనే తెచ్చుకుంటే, ఎనిమిది వారాలు నిండకముందు తల్లి నుంచి వేరు చేయకండి.

పిల్లలకు తప్పక నేర్పాల్సినవి

• తింటున్నప్పుడు, నిద్రపోతున్నప్పుడు కుక్కని ముట్టుకోకూడదు. తోక, చెవులు లాగకూడదు.
• చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉల్లిపాయ పెట్టకూడదు. అవి కుక్కలకు విషం.
• కరిచినా, గీరినా వెంటనే ఇంట్లో చెప్పాలి. తిడతారని దాచకూడదు.

ఈ చివరి మాట పిల్లలకు పదేపదే చెప్పండి. గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీటి కింద 15 నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. డాక్టరు చెప్పిన తేదీల్లో అన్ని డోసులూ వేయించాలి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. సకాలంలో వైద్యం అందితే దాన్ని రాకుండా ఆపవచ్చు.

21 రోజుల అభ్యాసం

తెచ్చుకునే ముందు ఒక పరీక్ష పెట్టండి. 21 రోజులపాటు పిల్లలు ఉదయం అరగంట ముందు లేచి, మీతో కలిసి నడవాలి. సాయంత్రం కూడా అంతే. గోడకు ఒక చార్టు అంటించి, వెళ్లిన రోజు టిక్కు పెట్టమనండి. యూనిట్ టెస్టులున్న వారాన్ని కూడా ఇందులో కలపండి. మూడో వారంలో ఎన్ని టిక్కులున్నాయో మీకూ తెలుస్తుంది, వాళ్లకూ తెలుస్తుంది. ఎన్ని తగ్గాయో చూసి, ఆ రోజుల్లో కుక్కని మీరు తిప్పగలరా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి.

ఒక విన్నపం. "ఫస్ట్ ర్యాంకు వస్తే కుక్కపిల్ల" అని మాట ఇవ్వకండి. మార్కుల కోసం వచ్చిన కుక్క, మార్కులు తగ్గిన రోజున దోషి అవుతుంది. "దీనివల్లే నీ చదువు పాడైంది, పంపించేస్తాం" అనే మాట ఆ రోజు మీ నోటి వెంట వస్తే, ఇష్టపడ్డ ప్రాణిని అవసరం తీరాక వదిలేయవచ్చని మీరే నేర్పినట్టు అవుతుంది.

లెక్కలన్నీ చూశాక "ఇప్పుడు వద్దు" అని తేలితే, కారణం దాచకుండా చెప్పండి. నోటుపుస్తకంలోని జవాబులు వాళ్లు రాసినవే కాబట్టి అర్థం చేసుకుంటారు. వేసవిలో గేటు దగ్గర మట్టి మూకుడులో నీళ్లు పెట్టి, రోజూ మార్చే బాధ్యత అప్పగించండి. "సరే" అని తేలితే, తెచ్చే రోజు కోసం పరీక్షలు లేని, మీరిద్దరూ నాలుగైదు రోజులు ఇంట్లో ఉండగలిగే వారాన్ని ఎంచుకోండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి కుక్కపిల్ల ఏడుస్తుంది. ఆ రాత్రి ఎవరు లేచి చూస్తారో ముందే అనుకోండి.